పీజో యాక్చుయేటర్లు, కంపన నియంత్రణ: ఈ దారిలో కెరీర్ ఉందా?

మీరు అడిగినదాన్ని కుదించి చెబితే ఇది: కొన్నేళ్లుగా మెషిన్ డిజైన్‌లో ఉన్న మెకానికల్ ఇంజనీరు పీజో యాక్చుయేటర్ల (వోల్టేజి పెడితే సాగి తోసే, నొక్కితే తిరిగి వోల్టేజి ఇచ్చే సిరామిక్ ముక్కల) వైపు రావచ్చా? ఎక్కడ చూసినా జపాన్ శాస్త్రవేత్త కెంజీ ఉచినో పేరే కనిపిస్తోంది, ఆయన నిజంగా కనిపెట్టిందేమిటి? ఒక కొస బిగించిన అల్యూమినియం పట్టీకి మధ్యలో 100 నానోఫారడ్ల పీజో ముక్కని రెండువైపులా అంటుకునే టేపుతో అంటించి, 1 కిలో ఓమ్ రెసిస్టర్ తగిలిస్తే 30 హెర్ట్జ్ కంపనం కొంచెం కూడా తగ్గలేదు, ఎందుకని?

మూడు ప్రశ్నలుగా అడిగారు గానీ నాకు మూడింటి వేరూ ఒకచోటే కనిపిస్తోంది. ఈ రంగంలో నిలబడిన ఆవిష్కరణల్లో ఎక్కువ భాగం పుట్టింది పీజో పదార్థంలో కాదు, దాని చుట్టుపక్కల. జిగురు పొరలో, ఎలక్ట్రోడ్ అంచున, సిరామిక్ మీద కప్పిన లోహపు మూతలో, బయట తగిలించిన సర్క్యూట్‌లో. మెకానికల్ వాళ్లకి ఇది మంచి వార్తే.

ముందు ఈ పదార్థం ఎంత పిసినారిదో అంకెల్లో చూద్దాం. పీజెడ్‌టీ (లెడ్ జిర్కొనేట్ టైటనేట్) అనే పీజో సిరామిక్‌కి మిల్లీమీటరుకి 1000 వోల్టుల లెక్కన క్షేత్రం ఇచ్చినా అది సాగేది తన పొడవులో సుమారు వెయ్యో వంతు. సెంటీమీటరు ముక్క 10 మైక్రాన్లు సాగుతుంది, అదీ 10,000 వోల్టులు పెడితే. బలం మాత్రం బోలెడు. 5 మి.మీ. × 5 మి.మీ. అడ్డుకోత ఉన్న స్టాక్‌ని (పొరలు పేర్చిన పీజో దిమ్మని) కదలకుండా బిగిస్తే 800 న్యూటన్ల దాకా తోస్తుంది. అంటే మన చేతిలో ఉన్నది బండెడు బలం, పిసరంత కదలిక. పైగా ఇచ్చిన వోల్టేజికీ వచ్చిన కదలికకీ మధ్య 10 నుంచి 15 శాతం హిస్టరెసిస్ (వెళ్లిన దారినే వెనక్కి రాకపోవడం), లాగితే పగిలే స్వభావం, వేగంగా నడిపితే వేడి. యాక్చుయేటర్ల చరిత్ర మొత్తం ఈ చిక్కులతో పడిన పేచీయే.

ఉచినో 1950లో టోక్యోలో పుట్టారు. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో భౌతికశాస్త్రం చదివి, అక్కడే నోమురా దగ్గర పరిశోధనలోకి దిగారు. 1978లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ ఎరిక్ క్రాస్, రాబర్ట్ న్యూన్‌హామ్ ఉన్నారు. ఆకారాన్ని సన్నగా సవరించుకోగల అద్దాలు అంతరిక్షంలో వాడటానికి కావాలన్నది అప్పటి అవసరం. పీజెడ్‌టీతో చేస్తే హిస్టరెసిస్ అడ్డొచ్చింది. వోల్టేజిని వెనక్కి తెచ్చినా అద్దం సరిగ్గా పాత చోటికి రాకపోతే కాంతి తరంగంతో కొలిచే పనికి అది పనికిరాదు. అందుకని వాళ్లు పీజోని పక్కన పెట్టి, లెడ్ మెగ్నీషియం నియోబేట్ (పీఎంఎన్) అనే మరో సిరామిక్ మీద పడ్డారు. ఇందులో సాగడం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. గది ఉష్ణోగ్రత దగ్గర హిస్టరెసిస్ దాదాపు లేనట్టే. ఈ పనిమీద క్రాస్, జాంగ్, న్యూన్‌హామ్, నోమురా, ఉచినో పేర్లతో 1980లో వచ్చిన పత్రమే ఈ దారికి మొదటి మైలురాయి. తర్వాత 1993 డిసెంబరులో హబుల్ టెలిస్కోపుకి కొత్త కెమెరా బిగించినప్పుడు, అందులోని చిన్న అద్దాలని కక్ష్యలోనే సవరించడానికి పీఎంఎన్ యాక్చుయేటర్లే పెట్టారు. ప్రధాన అద్దాన్ని తప్పుగా అరగదీసిన సంగతి మీకు తెలిసిందే. దాన్ని దిద్దే కాంతి మార్గం రవ్వంత పక్కకి జరిగినా దిద్దుబాటు పనిచేయదు.

పదివేల వోల్టుల సమస్యకి మందు అదే రోజుల్లో దొరికింది. సిరామిక్‌ని 100 మైక్రాన్ల పలుచటి పొరలుగా చేసి, ఒక్కో పొర మీద లోహపు పేస్టుతో ఎలక్ట్రోడ్ అచ్చేసి, వందల పొరల్ని పేర్చి ఒకేసారి కొలిమిలో కాల్చడం. అప్పుడు అదే క్షేత్రానికి 100 వోల్టులు చాలు. ఈ పద్ధతి గాల్లోంచి ఊడిపడలేదు, సిరామిక్ కెపాసిటర్ల ఫ్యాక్టరీల నుంచి అరువు తెచ్చుకున్నది. ఉచినో అటు పెన్ స్టేట్‌లోనూ ఇటు జపాన్‌లోనూ ఈ బహుళ పొరల యాక్చుయేటర్లని నిలబెట్టినవారిలో ఒకరు. అయితే కెపాసిటర్ కదలదు, ఇది కదులుతుంది. కెపాసిటర్‌లో ఎలక్ట్రోడ్లని ఒకటి విడిచి ఒకటి అంచుకి కొంచెం ముందే ఆపేస్తారు, పక్కవాటితో షార్ట్ కాకుండా. యాక్చుయేటర్‌లో ఆ ఆపేసిన చోట ఒకవైపు సిరామిక్ సాగుతుంది, రెండోవైపు సాగదు. ఎలక్ట్రోడ్ కొసన ఒత్తిడి పోగుపడి, కొన్ని కోట్ల చక్రాల తర్వాత అక్కడినుంచే పగులు మొదలవుతుంది. ఎలక్ట్రోడ్‌ని పూర్తి వెడల్పునా వేసి గాజుతో అంచుల్ని మూయడం, పక్కల్లో సన్నటి చీలికలు పెట్టడం ఇలాంటి డిజైన్లన్నీ ఆ అర మిల్లీమీటరు చోటు కోసమే వచ్చాయి. ఫెటీగ్, స్ట్రెస్ కాన్సంట్రేషన్ చదివిన మీకు ఇది పరాయి విషయం కాదు.

ఆయన చేసిన ఒక పని మాత్రం నా వాదనకి ఎదురు నిలుస్తుంది, దాచడం న్యాయం కాదు. 1980ల మొదట్లో కువాటా, ఉచినో, నోమురా కలిసి లెడ్ జింక్ నియోబేట్, లెడ్ టైటనేట్‌ల మిశ్రమాన్ని ఏకస్ఫటికంగా పెంచి కొలిచారు. విద్యుత్ శక్తికీ యాంత్రిక శక్తికీ మధ్య కప్లింగ్ గుణకం 0.92 వచ్చింది. మామూలు పీజెడ్‌టీకి 0.7 చిల్లర. ఇది అచ్చంగా పదార్థంలో పుట్టిన ఆవిష్కరణే. కానీ స్ఫటికాలు చిన్నవి, పెంచడం కష్టం. సుమారు పదిహేనేళ్లు ఆ ఫలితం అలాగే పడి ఉంది. 1997లో పెన్ స్టేట్‌లోనే పార్క్, ష్రౌట్ ఇలాంటి స్ఫటికాల్లో 1.7 శాతం దాకా సాగడం చూపించాక గానీ లోకం అటు తిరగలేదు. ఇవాళ ఆసుపత్రుల్లో మంచి అల్ట్రాసౌండ్ ప్రోబ్‌లలో ఈ జాతి స్ఫటికాలు ఉన్నాయి. పదార్థం కనిపెట్టే దారి ఎంచుకుంటే ఇంత ఓపిక ఉండాలి.

1991లో ఆయన జపాన్ నుంచి మళ్లీ పెన్ స్టేట్‌కి, ఈసారి ప్రొఫెసర్‌గా వెళ్లి యాక్చుయేటర్ల కేంద్రం నడిపారు. ఆ దశలోని పనుల్లో నాకు ఎక్కువ ఇష్టమైనవి రెండు. ఒకటి, న్యూన్‌హామ్ బృందంతో కలిసి చేసిన మూనీ, దాని తర్వాతి సింబల్. పలుచటి సిరామిక్ బిళ్లకి పైనా కిందా వంపు తిరిగిన లోహపు మూతలు అతికిస్తారు. బిళ్ల అడ్డంగా కుంచించుకుంటే మూత నడుము పైకి ఉబ్బుతుంది. కొద్ది మైక్రాన్లు పదుల మైక్రాన్లు అవుతాయి. మోకాలి కీలు లివర్ సూత్రమే, రూపాయి బిళ్లంత సైజులో. రెండోది వేడి. 1996లో ఆయన బృందం రకరకాల సైజుల బహుళ పొరల యాక్చుయేటర్లని నడిపి ఉష్ణోగ్రత కొలిచింది. పెరిగే వేడి, పనిచేసే ఘనపరిమాణానికీ బయటి ఉపరితలానికీ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుందని తేలింది. అంటే ఘనపరిమాణం ఒకటే అయినా బొద్దుగా ఉన్నదానికంటే సన్నగా పొడుగ్గా ఉన్నది చల్లగా ఉంటుంది. చదివాక ఇంతేనా అనిపిస్తుంది. కానీ చాలా డిజైన్లు ఈ లెక్క వేయకే కాలిపోతాయి. 5 మైక్రోఫారడ్ల స్టాక్‌ని 100 వోల్టుల ఊపుతో 200 హెర్ట్జ్ దగ్గర నడిపితే సగటున 0.1 ఆంపియర్, సైన్ తరంగమైతే గరిష్ఠంగా 0.3 ఆంపియర్ కావాలి. నష్ట గుణకం (శక్తిలో వేడై పోయే వాటాకి కొలత) 10 శాతం అనుకుంటే స్టాక్ లోపలే ముప్పావు వాట్ పైన వేడవుతుంది. చిటికెన వేలంత ముక్కకి అది తక్కువేం కాదు.

ఇక కంపన నియంత్రణ. కారులో దీన్ని పెట్టింది టయోటా. 1989లో సెల్సియర్ కారుకి ఇచ్చిన సస్పెన్షన్‌లో, షాక్ అబ్జార్బర్ కడ్డీలోనే 5 పొరల పీజో సెన్సర్ రోడ్డు గతుకుని పసిగడుతుంది. 88 పొరల పీజో స్టాక్ 500 వోల్టులకి 50 మైక్రాన్లు సాగుతుంది. ఆ కదలికని పిస్టన్, పిన్ను కలిపి 40 రెట్లు, అంటే 2 మిల్లీమీటర్లు చేస్తాయి. దాంతో వాల్వు తెరుచుకుని, నూనెకి పక్కదారి దొరికి, డాంపర్ మెత్తబడుతుంది. ఇక్కడ గమనించండి: పీజో కారుని మోయడం లేదు, చక్రంతో కుస్తీ పట్టడం లేదు. ఒక వాల్వుని తిప్పుతోంది, అంతే. 2000లో సీమెన్స్ డీజిల్ ఇంజెక్టర్లలో పీజో పెట్టినప్పుడూ ఇదే తెలివి. బరువు పని ద్రవానికి వదిలి, వేగం పని పీజోకి ఇచ్చారు.

నేరుగా నిర్మాణానికే పీజో అతికించి కంపనాన్ని అణచాలన్న ఆలోచనకి పెద్దదిక్కు రాబర్ట్ ఫార్వర్డ్. కాలిఫోర్నియాలోని హ్యూస్ పరిశోధనశాలలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త, ఖాళీ వేళల్లో సైన్స్ ఫిక్షన్ నవలలు రాసిన మనిషి. కాంతి పరికరాల కంపనాన్ని పీజో ముక్క, దానికి తగిలించిన ఎలక్ట్రానిక్స్‌తో అణచవచ్చని 1979లో చూపించారు. 1987లో ఎంఐటీలో క్రాలీ, డి లూయిస్ అసలు లెక్క తేల్చారు: పీజో ముక్క నుంచి దూలంలోకి సాగుదల ఎలా పాకుతుంది, మధ్యలోని జిగురు పొర ఎంత మింగేస్తుంది అని. పొర పలుచగా, గట్టిగా ఉంటే బదిలీ అంతా ముక్క కొసల దగ్గరే జరిగిపోతుంది. మందంగా, మెత్తగా ఉంటే ముక్క తనపాటికి తను సాగుతుంది, దూలం పట్టించుకోదు. మీ టేపు సంగతి ఈపాటికి అర్థమై ఉంటుంది.

అదే ఎంఐటీలో నెస్‌బిట్ హాగుడ్, ఫాన్ ఫ్లోటో 1991లో ప్రచురించిన పనే మీరు చేయబోయిన ప్రయోగానికి మూలం. యాంప్లిఫైయర్ లేదు, సెన్సర్ లేదు. పీజో చివర్లకి రెసిస్టర్ తగిలిస్తే కంపన శక్తి కరెంటుగా మారి అందులో వేడై పోతుంది. రెసిస్టర్‌తో పాటు ఇండక్టర్ కూడా పెట్టి, పీజో కెపాసిటెన్స్‌తో అది నిర్మాణపు పౌనఃపున్యం దగ్గరే అనునాదం చెందేలా చేస్తే, ట్యూన్డ్ మాస్ డాంపర్ (కంపనాన్ని తన మీదికి లాక్కునే బరువు, స్ప్రింగు జత) చేసే పనే బరువు లేకుండా జరుగుతుంది. వాళ్ల లెక్కలో ఒట్టి రెసిస్టర్‌తో పదార్థపు నష్ట గుణకం క్షేత్రానికి అడ్డ దిశలో 8 శాతం దాకా, నిలువు దిశలో, అంటే క్షేత్రం వెంటే, 42 శాతం దాకా వెళ్లగలదు. అడ్డానికీ నిలువుకీ ఇంత తేడా ఉన్నప్పుడు, అంటించిన ముక్కని నిలువు దిశలో వాడుకోవడం ఎలా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. హాగుడ్, బెంట్ అందుకే పీజో పోగుల్ని ఎపాక్సీలో పరిచి, పైనా కిందా దువ్వెన పళ్లలాంటి ఎలక్ట్రోడ్లు పెట్టారు. క్షేత్రం పోగు పొడవునా నడుస్తుంది.

ఇక్కడే ఈ రంగంలో నాకు బాగా నచ్చిన మలుపు ఉంది. ఆ పోగులు గుండ్రటివి. గుండ్రటి పోగు ఎలక్ట్రోడ్‌ని ఒక గీత వెంటే తాకుతుంది. మిగతా సందంతా ఎపాక్సీ. ఎపాక్సీ డైఎలెక్ట్రిక్ విలువ సిరామిక్‌తో పోలిస్తే చాలా తక్కువ, కాబట్టి ఇచ్చిన వోల్టేజిలో పెద్ద వాటా ఆ సందులోనే ఖర్చైపోతుంది. 1990ల చివర నాసా లాంగ్లీ కేంద్రంలో కీట్స్ విల్కీ బృందం గుండ్రటి పోగులు మానేసి, మామూలు పీజెడ్‌టీ పలకని సిలికాన్ చిప్పులు కోసే రంపంతో చదునైన పట్టీలుగా కోసింది. చదును ముఖం ఎలక్ట్రోడ్‌కి పూర్తిగా ఆనుకుంటుంది, పోగులన్నీ ఒకే సైజులో వస్తాయి, చేయడమూ చవక. అదే మాక్రో ఫైబర్ కాంపోజిట్, ఎంఎఫ్‌సీ. 2002 నుంచి బజారులో దొరుకుతోంది. పదార్థం అదే, ఎలక్ట్రోడ్ అదే, మారింది పోగు అడ్డుకోత ఒక్కటే. ఇవాళ దాదాపు ప్రతి స్మార్ట్ స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో ఆ ఎంఎఫ్‌సీ ముక్కలు కనిపిస్తాయి.

హాగుడ్ ఏమయ్యారంటారా? విశ్వవిద్యాలయం వదిలి పిక్స్‌ట్రానిక్స్ అనే కంపెనీ పెట్టారు. సూక్ష్మమైన మెమ్స్ షట్టర్లతో పనిచేసే డిస్‌ప్లే తెరలు. కంపనాల నుంచి ఫోన్ తెరకి! ఎలక్ట్రోడ్, పలుచటి పొర, కొద్ది మైక్రాన్ల కదలిక, డ్రైవ్ వోల్టేజి ఇవి వచ్చినవాడికి ఆ గెంతు మనం అనుకున్నంత దూరం కాదు.

ఇప్పుడు కొంచెం చేదు నిజం. పత్రాల్లో కంపన నియంత్రణ ఎంత ఉందో ఉత్పత్తుల్లో అంత లేదు. 1990ల మధ్యలో ఎంఐటీ మూలాలున్న ఏక్టివ్ కంట్రోల్ ఎక్స్‌పర్ట్స్ అనే కంపెనీ పీజోని కే2 మంచు స్కీలలో పెట్టింది. కంపిస్తే చిన్న ఎల్‌ఈడీ కూడా వెలిగేది, అది అమ్మకాలకి బాగా పనికొచ్చిందని నా అనుమానం. ఎఫ్/ఏ-18 యుద్ధ విమానం నిలువు తోకలు సుడిగాలికి వణికి పగిలే సమస్య మీద పీజో పట్టీలతో ఆస్ట్రేలియాలో పూర్తి సైజు నేల పరీక్షలు జరిగాయి. కానీ ఎగిరే విమానాల్లో ఆ బాధ తగ్గించింది రెక్క మొదట్లో నిలబెట్టిన లోహపు కంచె, తోక మొదట్లో బిగించిన లోహపు ముక్కలు. రేకు ముక్కతో పోయేదానికి 1000 వోల్టుల యాంప్లిఫైయర్ ఎవరూ మోయరు. మీరు ఏ ప్రాజెక్టు ఎత్తుకున్నా, బరువు పెంచో, గట్టిదనం పెంచో, రబ్బరు పెట్టో అయిపోతుందేమో ముందు చూడండి. కాదని తేలాకే పీజో. పీజో నిజంగా గెలిచినవి స్థానాన్ని నానోమీటర్లలో పట్టుకోవాల్సిన పనులు, కెమెరా లెన్సుల్లో అల్ట్రాసోనిక్ మోటార్లు (సషీదా కనిపెట్టిన నడిచే తరంగం తరహా మోటారు 1987లో కెనాన్ లెన్సులోకి వచ్చింది), ఇంక్‌జెట్ తలలు, సోనార్, అల్ట్రాసోనిక్ వెల్డింగ్.

అందుకే కెరీర్ గురించి నా సలహా: "పీజో ఇంజనీర్" అన్న పేరుతో ఉద్యోగం వెతకొద్దు, అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ట్రాన్స్‌డ్యూసర్లు, అల్ట్రాసోనిక్ హార్న్‌లు, సూక్ష్మ కదలిక స్టేజిలు, ఫ్లో మీటర్లు, మెడికల్ ప్రోబ్‌లు చేసేచోట చూడండి. మన దేశంలో సోనార్‌కి కొచ్చిలోని ఎన్‌పీఓఎల్, టార్పెడోలకి విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్ అనే రక్షణ పరిశోధనశాలలు ఉన్నాయి. నీటి కింద వినే, పలికే దాదాపు ప్రతి పరికరం వెనకా పీజో సిరామిక్ ఉంటుంది కాబట్టి అక్కడ ఈ పని ఎప్పుడూ ఆగదు. నేర్చుకోవాల్సింది పదార్థశాస్త్రం కంటే ముందు ఫ్లెక్షర్ డిజైన్, ప్రీలోడ్, ఎపాక్సీ అతికింపు, ఛార్జ్ యాంప్లిఫైయర్, ఇంపెడెన్స్ కొలత. స్టాక్‌ని లాగే బలం ఎప్పుడూ పడకుండా స్ప్రింగుతో నొక్కిపెట్టడం వచ్చిన మెకానికల్ ఇంజనీరుకి సిరామిక్ వాళ్ల దగ్గర మంచి గిరాకీ ఉంటుంది. వాళ్లలో చాలామందికి అది రాదు.

ఇక మీ పట్టీ. ఒక కొస బిగించిన పట్టీకి మొదటి మోడ్‌లో (అన్నిటికంటే తక్కువ పౌనఃపున్యపు ఊపులో) వంపు ఎక్కువుండేది బిగింపు దగ్గర. నడుమకి వచ్చేసరికి అది మూడో వంతే. శక్తి, వంపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మీ ముక్కకి అందుతున్నది బిగింపు దగ్గర అందేదాంట్లో తొమ్మిదో వంతు. దాని మీద టేపు. దాని మీద రెసిస్టర్ విలువ తప్పు. మీరన్న 100 నానోఫారడ్లకీ 30 హెర్ట్జ్‌కీ సరిపోయేది 53 కిలో ఓమ్‌ల దగ్గర. 1 కిలో ఓమ్ అంటే పీజోని దాదాపు షార్ట్ చేసినట్టే. పోనీ ఇండక్టర్ పెడదామంటే లెక్క ప్రకారం 280 హెన్రీలు కావాలి. అంత ఇండక్టర్ చుట్టాలంటే అది పట్టీ కంటే బరువవుతుంది. అందుకే అందరూ రెండు ఆప్-ఆంప్‌లతో కృత్రిమ ఇండక్టర్ కడతారు. ఆప్-ఆంప్ వోల్టేజి హద్దు దాటకుండా చూసుకోండి, పెద్దగా ఊపితే పీజో ఇచ్చే వోల్టేజి దాన్ని సంతృప్తం చేసేస్తుంది.

కొత్తగా అతికించేటప్పుడు బిగింపుకి ఆనించి, పలుచటి ఎపాక్సీతో, రాత్రంతా బరువు పెట్టి ఉంచండి. రెసిస్టర్, ఇండక్టర్ ఏదీ తగిలించకముందే రెండు కొలతలు తీయండి: పీజో తీగలు ఒకదానికొకటి కలిపి ఉంచితే మొదటి మోడ్ పౌనఃపున్యం ఎంత, విడిగా వదిలేస్తే ఎంత. విడిగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ రావాలి. 30.00, 30.15 వచ్చాయనుకోండి, రెండింటి వర్గాల తేడాని చిన్నదాని వర్గంతో భాగిస్తే 0.01, దాని వర్గమూలం 0.1. అదే మీ నిర్మాణపు కప్లింగ్. 0.1 ఉంటే ఒట్టి రెసిస్టర్ మీకు అదనంగా ఇచ్చేది పావు శాతం డాంపింగ్, సరిగ్గా ట్యూన్ చేసిన ఇండక్టర్ ఇచ్చేది మూడున్నర శాతం. తేడా రెండో దశాంశంలో కూడా కనిపించకపోతే సర్క్యూట్ జోలికి వెళ్లకుండా మళ్లీ అతికించండి. ఆ రెండు అంకెలూ, పట్టీ మందం, పీజో ముక్క మందం పంపితే తర్వాత ఏం చేయాలో చెప్తాను.